మంచి కాలు ఫోటో

ఎనభైల మొదట్లో చర్ల వైపు అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో డాక్టరుగా ఉన్నాను. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఒక మధ్యాహ్నం ఒకాయన పదేళ్ల కూతుర్ని భుజాన వేసుకొచ్చాడు. నడుస్తున్న ఎడ్లబండి వెనక వేలాడుతుంటే ఆ పిల్ల కాలు చక్రం కర్ర ఆకుల మధ్య ఇరుక్కుందట. మోకాలు బూరెలా వాచింది.

ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు లేదు. "బెణికినట్టుంది" అని నోరు జారాను. తర్వాత వేలితో నొక్కి చూస్తే, కీలు దగ్గర ఊరుకున్న పిల్ల, దానికి రెండు వేళ్ల పైన కెవ్వుమంది. పిల్లల ఎముక పెరిగేది అక్కడే. అక్కడుండే మెత్తటి పొర ఫోటోలో ఎలాగూ నల్లటి గీతలాగే పడుతుంది. అది పగిలిందో లేదో తేల్చుకోవాలంటే మంచి కాలు ఫోటో కూడా తీసి పక్కన పెట్టి చూడాలి. తెలియక నడిపిస్తే కాలు వంకర పోవచ్చు, పొట్టిదైపోవచ్చు. రెండో కాలికీ ఫోటో తీస్తానన్నాను.

"మంచి కాలు జోలికి పోవద్దు సార్. బెణికింది అన్నరు గద, నూనె రాసి తోముకుంటం" అంటూ తండ్రి పిల్లనెత్తుకున్నాడు.

అరిచాను. బుద్ధుందా అన్నాను. ఆయన పిల్లతో గేటు దాటాడు. వెనకాలే పరుగెత్తి, మొదటే అడగాల్సింది అప్పుడడిగాను, ఎందుకంత భయమని.

"మా తమ్మునికి కాలు కాల్తే పట్నం దవాఖానాల మంచి తొడ తోలు గీకిండ్రు. రెండు కాళ్లకు పుండ్లాయె. ఎందుకో ఎవ్వలు చెప్పలే."

కాలిన చోట అతికించడానికే ఆ తోలు తీసుంటారు, ఆ ముక్క ఆయనకెవరూ చెప్పలేదు. సిగ్గేసింది. ఇవాళ ఫోటో తప్ప ఇంకేమీ చేయనని, కావాలంటే ఆ కాలు నువ్వే పట్టుకొమ్మని బతిమాలాను. పట్టుకున్నాడు. తడి ఆరని ఫిల్ములు రెండూ కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, దెబ్బ తగిలిన కాలి గీత వెడల్పుగా ఉంది. పగిలింది గానీ ఎముక పక్కకు జరగలేదు. తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశాను.

"కట్టు విప్పాక కూడా రెండేళ్లు చూపించాలి. ఈ కాలు పెరగడం ఆగిపోతే ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు" అన్నాను.

"చేసినా దీనికే గద సార్? మంచి కాలు ముట్టరు గద?"

ఒక కాలు పెరగడం ఆగిపోతే, రెండూ సమానం కావడానికి మంచి కాలికే కోత పెట్టి దాని ఎదుగుదల ఆపాలని మాకు నేర్పారు. ఆ మాట చెబితే ఈయన మళ్లీ రాడు.

"ముట్టం" అన్నాను.

నమ్మాడు. రమ్మన్నప్పుడల్లా, వాగులు పొంగినా తీసుకొచ్చాడు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి టేపుతో కొలిచిన ప్రతిసారీ, తేడా వస్తే నా మాట అబద్ధమవుతుందని మళ్లీ మళ్లీ కొలిచేవాణ్ని. రెండేళ్లూ రెండు కాళ్లూ సమానంగానే పెరిగాయి.

చివరిసారి ఆయన నా చేతులు పట్టుకుని, "మాట తప్పలే సార్ మీరు" అన్నాడు. నేను తలెత్తి ఆయన్ను చూడలేకపోయాను.