గుండెదడ మీద కన్యక చదువు

వాళ్లన్న చనిపోయినప్పటి నుంచి మా ఆడబిడ్డ కన్యక కుదురుగా కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. రెండు ముద్దలు తింటుంది, ఎడమచేతి వేళ్లు మెడ పక్క నరం మీదికి పోతాయి. గోడ గడియారం చూస్తుంది. మళ్లీ ఒక ముద్ద.

మా మామ కాశీనాథం గారిది సిద్దిపేటలో ఇత్తడి సామాన్ల దుకాణం. ఆ ఇంట్లో కాలేజీ మొఖం చూసిన ఆడపిల్ల కన్యక ఒక్కతే. తొంభైలో అనుకుంటా, హైదరాబాదు యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం మనిషికి ఎంతవరకు తెలుస్తాయి, అవి తెలిస్తే భయం ఎట్లా మారుతుంది, ఇదీ ఆమె చదువు.

వేలికి తొడిగే మిషను ఒకటి అక్కడి నుంచి తెచ్చి, వాడకట్టు ఆడవాళ్లను మా ముందరి గదిలో కూర్చోబెట్టేది. నాడి పట్టుకోకుండా, కళ్లు మూసుకుని, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పాలి. వాళ్లు చెప్పింది, మిషను చూపించింది పక్కపక్కన పెట్టి చూసేది. సగంమంది మేం రాము అన్నారు.

“గుండెను లెక్కపెడితె ఆయుష్షు లెక్కపెట్టినట్లే బిడ్డా,” అన్నది ఎదురింటి సుమిత్రమ్మ. “నా జోలికి రాకు. కావాలంటె మా ఇంటాయనది లెక్కపెట్టుకో.”

“ఆయనది మిషనుకు గూడ దొరకది చిన్నమ్మా. గురకలనె కలిసిపోతది.”

అట్లా నవ్వులాటగా నడుస్తున్న రోజుల్లోనే మా ఆయన దత్తాత్రి పోయాడు. దుకాణంలో ఛాతీ బరువెక్కితే గ్యాసు అనుకున్నాడు. గోలీసోడా తెప్పించుకుని తాగాడు. బేరం ముగించాడు. కూర్చున్నచోటనే ఒరిగిపోయాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

అన్న లోపలి మాట విని గ్యాసు అనుకున్నాడు. చెల్లెలు ఆ తర్వాత ఏది విన్నా చావే అనుకున్నది. దవాఖానలో ఆమెకు ఈసీజీ తీసి ఏమీ లేదన్నారు.

“నా పుస్తకంల రాసింది గిదే వదినా,” అన్నది ఒకసారి, బియ్యం ఏరుతున్న నా పక్కన కూర్చుని. “గుండె చప్పుడు వినవడుడు తప్పు గాదు. విని, ఏదో అయితుందనుకునుడే భయం. గింత రాసినదాన్ని, నాకే ఆగుతలేదు.”

ఆ పరిశోధన పుస్తకం టైపు చేయించి యూనివర్సిటీలో ఇచ్చింది. ఇక అక్కడి పెద్ద సార్ల ముందు కూర్చుని అడిగినవాటికి జవాబులు చెప్పాలి. ఆ రోజు ఒక్కతే బస్సెక్కి, సగం దారిలో ప్రజ్ఞాపూర్‌లో దిగి, మళ్లీ ఇంటికొచ్చేసింది. ఇంకో తారీఖు ఇచ్చారు. ఇది గూడ తప్పితే ఇంత చదువూ పోయినట్టే.

“పోతే పోనియ్యి,” అన్నది మా అత్తమ్మ సుశీలమ్మ. “పట్టా లేకపోతె ముద్ద దిగదా?”

కన్యక పుస్తకాలు సంచిలో సర్దుకున్నది. ఆ తారీఖు పొద్దున నేను బయటికి కట్టే చీర కట్టుకున్నాను. ఆయన పోయినాక గడప దాటలేదు నేను.

“ఏడికి వదినా?”

“నీ ఎంబడి.”

బస్సులో కొండపాక వెనక పడ్డదో లేదో ఆమె వేళ్లు మెడ మీదికి పోయాయి. ప్రజ్ఞాపూర్‌లో బస్సు పూర్తిగా ఆగకముందే లేచింది. “టికెట్ హైదరాబాద్‌కు గద అమ్మా,” అని కండక్టరు అంటున్నా దిగింది. నేనూ దిగాను. రోడ్డు దాటి, సిద్దిపేట పోయే బస్సులు ఆగే వైపు నిలబడ్డది.

“కొట్టుకుంటుంది వదినా. ఇంటికి పోదాం.”

“ఇంటికి పోతె ఆగుతదా?”

బస్సు వస్తుందేమోనని రోడ్డు చివరికి చూసింది.

“ఇంట్ల కొట్టుకున్నది, ఈడ కొట్టుకుంటుంది, ఆడ గూడ కొట్టుకుంటది. దాన్ని ఈడ దించిపోలేం గద. దానికి టికెట్ గూడ అడగరు. నడువు.”

నవ్వలేదు. కోపంగా చూసింది. “అన్నకు గూడ గిట్లనే…” అని ఆగిపోయింది.

“మీ అన్నను బస్సుల యాది చేసుకుందాం,” అన్నాను. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. ఎవరు ఎవర్ని దాటించారో.

వచ్చిన బస్సులో సీట్లు లేవు. ఒక చేత్తో పైన కడ్డీ, ఒక చేత్తో పుస్తకాల సంచి. మెడ తడుముకోవడానికి ఆమెకు చెయ్యి మిగల్లేదు. ముఖమంతా చెమట. షామీర్‌పేట దాకా లెక్కపెడుతున్నట్టు పెదాలు కదులుతూనే ఉన్నాయి.

“ఎట్లుంది?”

“గట్లనే ఉంది.”

యూనివర్సిటీలో పేరు పిలిచారు. “వదినా, ఇంకా గట్లనే కొట్టుకుంటుంది,” అని, లోపలికి పోయింది. తలుపు వేశారు. బయట బల్ల మీద కూర్చోలేక లేచాను. లేచి నిలబడలేక మళ్లీ కూర్చున్నాను. లోపల ఎవరో అడుగుతున్నారు, కన్యక చెబుతున్నది.