గరుడపక్షి ఎటు పోయింది

మా మేనమామకు పక్షుల పిచ్చి. జగదల్‌పూర్ బడిలో పంతులు ఆయన. వేసవి సెలవులకు భోపాలపట్నంలో మా ఇంటికి వస్తే, సంచిలోంచి బట్టలకంటే ముందు దుర్బీను బయటికి వచ్చేది. బస్తర్ సంస్థానంగా ఉన్న రోజులవి. ఆ ఏడు ఆయన ఇంకో పని మీద కూడా వచ్చాడు. నన్ను తనతో తీసుకుపోయి చదివిస్తానన్నాడు. నాకప్పుడు పదేళ్ళు. మా ఇంట్లో అంతవరకూ ఆడపిల్ల బడి గడప తొక్కలేదు.

నాన్న కాదనలేదు, ఔననలేదు. కొట్టు కట్టే చోటు దగ్గర్నుంచి బండెద్దు కొనేదాకా ప్రతి పనికీ ఆయన పక్షి శకునం చూసేవాడు. మెడ తెల్లగా ఉండే గరుడపక్షి ఎడమ నుంచి కుడికి పోతే పని మొదలుపెట్టొచ్చు. కుడి నుంచి ఎడమకు పోతే అంతే సంగతులు.

"రేపు ఏటికి పోదాం. నువ్వు నీ పిట్టల్ని చూడు, నేను నా పిట్టను చూస్త" అన్నాడు మామతో.

తెల్లారేసరికి బండిలో ఇంద్రావతి ఒడ్డుకు చేరాం. ఎండాకాలం కదా, ఏరు సగం ఇసుకే. మామ పంచె ఎగగట్టి, నన్ను వెంటబెట్టుకుని నీళ్ళలోకి దిగాడు. నారాయణపక్షి, లకుముకి పిట్ట, ఇసుకలో గుడ్లు పెట్టిన తీతువు, అన్నీ చూపించాడు.

"ఇవి ఏం చెప్తయ్ మామా?" అని అడిగాను.

"ఏం చెప్పవు. ఊకె చూడాలె."

ఏమీ చెప్పని పిట్టను ఎందుకు చూడాలో నాకు బోధపడలేదు. అయినా కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

ఎండ ముదురుతుండగా గరుడపక్షి వచ్చింది. ఒడ్డున నిలబడ్డ నాన్నకూ, నీళ్ళలో ఉన్న మాకూ మధ్యనుంచి, ఏటి వెంబడే పోయింది.

"కుడి నుంచి ఎడమకు పోయింది. పిల్లను పంపేది లేదు" అన్నాడు నాన్న.

"ఏంది బావా! ఎడమ నుంచే కదా కుడికి పోయింది" అని అరిచాడు మామ.

ఎదురెదురుగా నిలబడి ఒకే పక్షిని చూశామన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఒకరు వ్యాపారి, ఒకరు పంతులు. గొంతులు చించుకుని వాదించుకున్నారు. చివరికి నాన్న నావైపు తిరిగాడు.

"శకునం పోయేటోళ్ళది. నువ్వు చెప్పు బిడ్డా, నీకెటు పోయింది?"

మామ పక్కనే ఉన్నాను. ఎడమ నుంచి కుడికే పోయింది. కానీ నాన్న ముఖం చూశాను. పోవాలనీ ఉంది, పోవద్దనీ ఉంది.

"నేను చూడలేదు నాన్నా" అన్నాను.

"చూడకపోతే శకునమే లేదు" అని నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. కనుమరుగయ్యేదాకా నేను ఆ పక్షివైపే తల తిప్పి చూడటం మామ గమనించే ఉన్నాడు. అయినా మర్నాడు ఒక్కడే బండెక్కాడు.

ఆ అబద్ధం భయంతో ఆడానో, నాన్న మీద ప్రేమతో ఆడానో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది మా మనవరాలు.