బీరువాలో ఇన్‌హేలర్

నేను స్కూలు మీద దండెత్తానని మా ఊళ్ళో చెప్పుకుంటారు. హెడ్‌మాస్టరు గారిని నిలబెట్టి కడిగేశానని, గేటు దగ్గర ధర్నా చేశానని, రూలు మారేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదని కలిపి చెప్పేవాళ్ళూ ఉన్నారు. మంచినీళ్ళ మాట అటుంచండి, అక్కడ తాగినన్ని కాఫీలు నేను మా పుట్టింట్లో తాగలేదు. గొంతు పెంచలేదు. వాళ్ళు వేసిన కుర్చీలోనే కూర్చున్నాను.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. మంచు పడినా, పక్క దొడ్లో కొబ్బరి డొక్కలు తగలబెట్టినా పిల్లికూతలు మొదలవుతాయి. ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని మందు పీలిస్తే సర్దుకుంటుంది. అది ఎప్పుడూ దాని సంచీలోనే ఉండేది. ఆరో తరగతికి వచ్చేసరికి స్కూల్లో కొత్త రూలు పెట్టారు. పిల్లల దగ్గర ఏ మందూ ఉండకూడదు, అన్నీ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి.

రూలు ఊరికే రాలేదు, అదీ చెప్పాలి. మా వైపు చాలా ఇళ్ళల్లో ఎవరో ఒకరు గల్ఫులో ఉంటారు. సెలవుకి వచ్చేటప్పుడు సబ్బులు, పాలపొడితో పాటు మందులూ తెస్తారు. కువైట్ మందంటే అమలాపురం డాక్టరు రాసినదానికన్నా గట్టిదని నమ్మకం. దాని మీద ఉండేది అరబ్బీ, చదివే నాథుడు లేడు. ఒక తల్లి అలాంటి జలుబు బిళ్ళలు కూతురి సంచీలో పెట్టింది. నారింజ రంగు బిళ్ళలు కదా, ఆ పిల్ల చాక్లెట్లలా బెంచీ అంతా పంచింది. లెక్కల క్లాసులో బెంచీకి బెంచీ నిద్రపోయింది. తన పాఠానికే నిద్రపోయారని మాస్టారు కాసేపు పట్టించుకోలేదట.

ఆ బిళ్ళలతో పాటు మా అమ్మాయి ఇన్‌హేలర్ కూడా బీరువాలోకి పోయింది.

ఒకరోజు ఆటల పీరియడ్లో దానికి ఆయాసం వచ్చింది. తాళంచెవి ఆఫీసు మేడం దగ్గర, మేడం పి.గన్నవరంలో గృహప్రవేశం దగ్గర. ఆవిడకి ఫోను చేసి, తర్వాత నాకు చేశారు. ఇంట్లో ఉన్న రెండో ఇన్‌హేలర్ పట్టుకుని స్కూటీ మీద వెళ్ళాను. పిల్ల బీరువాకి ఆనుకుని కూర్చుని భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతోంది. పెదాల రంగు మారింది. టీచర్లు చుట్టూ చేరి నోటుపుస్తకాలతో విసురుతున్నారు. నేను తెచ్చిన మందు పీల్చాకే సర్దుకుంది.

మర్నాడు హెడ్‌మాస్టరు గారి ఎదురుగా కూర్చున్నాను.

"రూలు అందరికీ ఒకటేనమ్మా. మందు దగ్గరుంచుకోడానికి మీకు పర్మిషనిస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి. ఊపిరాడని పిల్లలకి ఇవ్వండి, జలుబు బిళ్ళలవాళ్ళకి ఇవ్వకండి. ఇదిగోనండి, డాక్టరు గారు రాసిచ్చేరు."

"కమిటీలో పెట్టాలండి."

"ఆయ్, పెట్టండి. అందాకా ఇన్‌హేలర్ నా చేతిసంచీలో ఉంటుంది, నేను మీ వరండాలో ఉంటాను. మందు ఉండకూడదన్నారు గానీ, తల్లి ఉండకూడదనలేదు కదండీ."

అలా కూర్చున్నాను. గోదావరివాళ్ళం, గడపలోకి వచ్చిన మనిషిని పొమ్మనలేం. వాళ్ళకీ నోరు రాలేదు. కుర్చీ వేశారు, ఎండ వస్తే జరిపారు, కాఫీ పంపారు. హెడ్‌మాస్టరు గారు అటుగా పోతూ, "పంచదార సరిపోయిందాండీ?" అని అడిగేవారు. సరిపోయిందండీ, కమిటీ ఎప్పుడండీ అనేదాన్ని.

పిల్లల్ని దింపడానికి వచ్చిన కువైట్ బిళ్ళల తల్లి నవ్వింది. "ఏంటి వదిన గారూ, ఉద్యోగంలో చేరేరా?"

"చేరేనమ్మా. నువ్వు ఆ బిళ్ళలు సంచీలో పెట్టకపోతే నాకీ ఉద్యోగం వచ్చేదా?"

ఆమె మళ్ళీ నా దగ్గర ఆగలేదు. కానీ ఇంకొకావిడ వచ్చి పక్కన నిలబడింది. "మా వాడికి సుగరండి. అది పడిపోయి కళ్ళు తిరిగితే వేసుకునే గ్లూకోజు కూడా బీరువాలోనే పెట్టేరు." రెండో కుర్చీ తెప్పించాను. మూడో కుర్చీ అడిగిన రోజు కమిటీ కూర్చుంది.

ఇప్పుడు ఆయాసం మందు, గ్లూకోజు పిల్లల జేబుల్లోనే ఉంటాయి. మిగతావి డాక్టరు చీటీతో క్లాసు టీచరు చేతికి ఇవ్వాలి. జ్వరం బిళ్ళ మింగించి పిల్లల్ని బడికి తోలకూడదన్న మాట కూడా పట్టుబట్టి నేనే చేర్పించాను. దానికి తల్లులు నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోనివ్వండి.

నాకు తెగనిది ఒక్కటే. ఆ ఆఫీసు బీరువా ఉత్త రేకుది. జెండా కర్ర పాతే గునపం ఆ రోజు వరండాలోనే ఉంది, మెట్లెక్కుతూ నేను చూశాను. హెడ్‌మాస్టరు గారు కనబడినప్పుడల్లా అడుగుతాను, ఆయన కాఫీ తెప్పిస్తారు. పిల్ల అలా ఊపిరి లాగుతుంటే, అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరి చెయ్యీ ఆ గునపం మీదకి ఎందుకు పోలేదు?