ఎరుపులో పడ్డ పనసలొద్ది

వెంకటదుర్గ పక్క సీటు నాది. మూడేళ్ళుగా ఆ పిల్ల మొండితనాన్ని భరిస్తున్నవాణ్ణి కాబట్టి, ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది. నాతవరం రైతు కూతురు. నర్సీపట్నంలో మా ఆఫీసులో మ్యాపులు గీస్తుంది.

ఈ వేసవిలో కొండచరియలు జారే ప్రమాదాన్ని లెక్కగట్టి ఏజెన్సీలో ఒక్కో ఊరికీ నూటికిన్ని మార్కులని వేసింది. మ్యాపులో ఎన్ని మార్కుల నుంచి ఏ రంగు మొదలవ్వాలన్న దగ్గరే పేచీ వచ్చింది. ఎక్కువ మార్కులొచ్చి ఎరుపులో పడ్డ ఊళ్ళకే వానల్లోపు రాతిగోడ కడతారు మరి.

మా ఆఫీసర్ జగదీశ్వరరావుగారు ఇరవయ్యేసి మార్కులకొక రంగు వేయమన్నారు. నాలుగూళ్ళే ఎరుపయ్యాయి. పోనీ రంగుకిన్ని ఊళ్ళని సమానంగా పంచితే, బల్లపరుపు ఊళ్ళు కూడా ఎర్రబడ్డాయి. దుర్గ మూడో పద్ధతి పట్టుకుంది. వరసగా పేర్చిన మార్కుల మధ్య పెద్ద ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడే గీత. అలా పదమూడు ఊళ్ళు ఎరుపయ్యాయి.

"ఏది సరైనదో ఇదివరకు జారిన ఊళ్ళను బట్టి చూద్దాం సార్," అంది. సంతలో విస్తళ్ళకి అడ్డాకులమ్ముతూ కొండ ఊళ్ళన్నీ ఎరిగిన పనసలొద్ది ఊరి సోమలమ్మను పిలిచి, చరియ పడ్డ ఊళ్ళన్నీ చెప్పించుకుంది. సోమలమ్మ పన్నెండు చెప్పింది. ఆఫీసర్‌గారి మ్యాపులో వాటిలో నాలుగే ఎరుపు. దుర్గ మ్యాపులో పన్నెండూ ఎరుపే. అదనంగా పడ్డది ఒక్క పనసలొద్ది.

"ఏనాడూ జారని ఊరికి ఎరుపేశావు. నీ పద్ధతీ తప్పేగా," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండు కలిసినా ఆ ఒక్కటే కనబడిందా ఈయనకి! దుర్గ తొణకలేదు. "లెక్క తప్పలేదు సార్. సోమలమ్మే ఏదో దాచింది," అని సంతకు బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను.

"పెద్దమ్మా, మీ ఊరి సంగతి సెప్పలేదేటి?" అనడిగింది దుర్గ.

సోమలమ్మ ఆకుల కట్ట సర్దుతూ, "సెప్తే మమ్మల్ని కొండ దించేత్తారు కదమ్మా. కింద మాకేటుంది?" అంది.

"దించరు. గోడ కడతారు. సదువుతాను, ఇను," అని దుర్గ గోడలు కట్టమన్న సర్కారు ఆర్డరు కాగితం మొత్తం చదివి వినిపించింది.

సోమలమ్మ ఆకుల కట్ట పక్కన పెట్టింది. "అయితే గోడ పశువులశాల కాడ్నించి ఎత్తండమ్మా. కొండ జారిన రేత్రి మా సిన్నోడు అక్కడే పడుకున్నాడు. మట్టి తీసేసరికి రెండ్రోజులైంది."

జగదీశ్వరరావుగారు ఆ మాట విని మూడో మ్యాపు మీద సంతకం పెట్టారు. పనసలొద్ది గోడ పశువులశాల దగ్గర మొదలుపెట్టాలని దుర్గ మ్యాపు కింద రాసి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను గానీ, నాకు అక్షరాలు కనబడలేదు.