కార్వేటినగరానికి ఒక లీటరు తక్కువ

మా ఆయన పాస్టరు పని నుంచి విరమించడానికి ఇంకా మూడు వారాలున్నాయనగా, తాను పనిచేసిన చర్చిలన్నీ ఒకసారి బండి మీద తిరిగి వద్దామన్నాడు. బస్సులున్నాయి కదా అన్నాను. బస్సు మనుషుల ఇళ్ళ ముందు ఆగదన్నాడు. నా భయమూ అదే. ఆయన బండి ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది.

మాది అడ్వెంటిస్టు సంఘం. శుక్రవారం పొద్దు మునిగింది మొదలు శనివారం పొద్దు మునిగేదాకా మాకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. ఆ వేళలో కొనేది లేదు, అమ్మేది లేదు. అందుకే ఏడాది పొడుగునా శుక్రవారాల అస్తమయాలు నా నోటుబుక్కులో రాసి ఉంటాయి. ఆయన కార్వేటినగరంలో ఉన్న ఏడేళ్ళూ చర్చి రిజిస్టరు రాసే క్లర్కును నేనే. ఆరాధనకు ఎవరూ వేళకు రారు, క్లర్కైనా రావాలి కదా అని అప్పట్లోనే చేతి గడియారం అయిదు నిమిషాలు ముందుకు పెట్టుకున్నాను. చూసినప్పుడల్లా ఆ అయిదూ మనసులో తీసేసుకుంటాను. లెక్కల్లో నేను తప్పు చేయను.

ఆ ప్రయాణంలో ఆయనకు నిజంగా కావలసిన ఊరు కార్వేటినగరం ఒక్కటే. అక్కడ ఆయన అక్క ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆమె మాతో మాట్లాడదు, చర్చికి రాదు. కారణం ఆమె కొడుకు. వాడిది ఊరి మొదట్లో చిల్లర అంగడి. శుక్రవారం పొద్దుగూకినా తలుపు మూయడని సంఘం రెండుసార్లు హెచ్చరించింది. మూడోసారి అటు పోతూ నేనే చూశాను. ఆ రోజు అస్తమయం ఆరూ ఇరవై మూడు. వాడు ఎవరికో బెల్లం తూస్తున్నది ఆరూ ఇరవై ఏడు. ఇంటికొచ్చి రాసిపెట్టాను. వాణ్ణి సభ్యత్వం నుంచి తీసేయాలని సంఘం చేతులెత్తి ఓటేసింది, పదకొండుకు నాలుగు. ఆ కూటానికి పెద్ద వాడి మేనమామే, అంటే మా ఆయన. రిజిస్టరులో వాడి పేరు మీద గీత మాత్రం స్కేలు పెట్టి నేను గీశాను.

ఇప్పుడు చివరి ప్రసంగం ఆ చర్చిలోనే చెప్పాలనీ, అక్క వచ్చి ముందు బెంచీలో కూర్చోవాలనీ ఆయన కోరిక. ఫోనులో అడిగితే "సూస్తాంలే" అని పెట్టేసిందట. దాన్ని ఆయన వస్తానన్నట్టే తీసుకున్నాడు. నేను తీసుకోలేదు.

గురువారం తిరుపతి నుంచి బయలుదేరాం. చంద్రగిరిలో అరగంట అనుకున్నది రెండు గంటల పది నిమిషాలైంది. చిత్తూరులో ఆయన స్నేహితుడి ఇంట్లో దిగి, తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ చుట్టాం. ప్రతి ఇంట్లో ప్రార్థన, ప్రతి ప్రార్థన తర్వాత మామిడిపండ్లు. శుక్రవారం సాయంత్రం పెట్రోలు బంకుకు చేరేసరికి మా ముందు మామిడికాయల ట్రాక్టర్లు ఆరు. ఆకాశం నిండా మబ్బు. మా వంతు వచ్చేసరికి నా గడియారంలో ఆరూ ముప్పై తొమ్మిది. ఆ రోజు అస్తమయం ఆరూ ముప్పై ఆరు.

వద్దన్నాను. పైపు చేత్తో పట్టుకున్న అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఇంకా వెలుతురుండాది గదే," అన్నాడాయన.

"వెలుతురు లెక్క కాదు," అన్నాను.

ముప్పై అయిదేళ్ళుగా తాను అందరికీ చెప్పిన మాటే కాబట్టి, ట్యాంకు మూత బిగించాడు.

నేనేమీ గుడ్డిగా వద్దనలేదు. ట్యాంకులో లీటరుంది. ఇద్దరితో ఆ బండి లీటరుకు యాభై రెండు కిలోమీటర్లు పోతుంది. కార్వేటినగరం నలభై ఎనిమిది. ఇంకా నాలుగు మిగలాలి. శనివారం తెల్లవారి బయలుదేరాం. దారిలో ఎవరో ముసలామె మంచం పట్టిందని ఆయన పక్క ఊరికి తిప్పాడు. పోనూ రానూ ఆరు. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా బండి దగ్గి, ఆగిపోయింది.

తెల్లచొక్కా, టైతో ఆయన తోస్తున్నాడు. బైబిళ్ళ సంచీతో నేను వెనక నడుస్తున్నాను. ఎదురుగా వచ్చిన లారీలోంచి ఒకాయన తల బయటపెట్టి, ప్రార్థన చేస్తే నడవదా సామీ బండి అని అడిగి పోయాడు.

ఆ రోడ్డులో తెరిచి ఉన్న అంగడి ఒక్కటే. ముందు బల్ల మీద కూల్‌డ్రింకు సీసాల్లో పెట్రోలు వరసగా పెట్టి ఉంది. మా మేనల్లుడు మమ్మల్ని దూరం నుంచే చూసినట్టున్నాడు, దగ్గరికొచ్చేదాకా లేవలేదు.

"శనివారం పూట అమ్మితే నా పేరు కొట్టేస్తారేమో మామా," అన్నాడు. మళ్ళీ తనే, "కొట్టేదానికి పేరు యాడుండాదిలే," అన్నాడు.

మా ఆయన చెమట తుడుచుకున్నాడు. వాడే ఒక సీసా తెచ్చి ట్యాంకులో వంచాడు.

"ఇది అమ్మేది గాదులే అత్తా, ఊరికే పోస్తాండా. టైము రాసుకో, మళ్ళా మాటొస్తాది. తొమ్మిదీ పది."

నేను గడియారం చూసి, తొమ్మిదీ పదహైదు అని సరిదిద్దాను. వాడు ఫోను తీసి చూపించాడు. తొమ్మిదీ పది.

ముందుకు పెట్టుకుంటాను, తీసేసుకుంటాను అని చెప్పబోయి ఆగాను. ఇప్పుడు తీయలేదు. నిన్న బంకు దగ్గర? ముప్పై తొమ్మిదిలో అయిదు పోతే ముప్పై నాలుగు. ఇంకా రెండు నిమిషాల పొద్దు ఉండింది. ఆ వెనకే రెండో తీసివేత పిలవకుండానే వచ్చింది. ఇరవై ఏడులో అయిదు పోతే ఇరవై రెండు, ఆ బెల్లం రోజు అస్తమయానికి ఒక నిమిషం ముందు. ఆ రోజు తీసి రాశానో, తీయకుండా రాశానో నోటుబుక్కులో లేదు. తొందరలో తీసే మనిషిని కానని మాత్రం నిన్నటితో తేలింది.

"నువ్వు బెల్లం తూసిన పొద్దు, సూర్యుడు ఇంకా మునగలేదేమోరా," అన్నాను. "నా గడియారం ముందుండింది."

"నేను ఆ పొద్దే చెప్తి గదత్తా," అన్నాడు వాడు సీసాకు మూత పెడుతూ.

చెప్పాడు. "ఒప్పుకోలేదు" అని రిజిస్టరులో రాసిందీ నేనే.

అంగడి వెనకే వాళ్ళ ఇల్లు, ఆ గడప పక్కన మా వదిన కూర్చుని ఉంది. అంతా విన్నదని ఆమె ముఖమే చెప్పింది. నన్ను చూడలేదు, తమ్ముణ్ణే చూసింది.

"అయిదు నిమిషాలకారా, తొమ్మిదేండ్లు?"

"గడియారాన్ని నమ్మినానక్కా," అన్నాడు మా ఆయన. "పిల్లోణ్ణి నమ్మల్యా."

ఆమె లేచి లోపలికి పోయి తలుపు మూసుకుంది. అయిపోయిందనుకున్నాను. ఆయన బండి స్టాండు తీసి కూడా అలాగే నిలబడ్డాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఉతికిన చీర, చేతిలో పాటల పుస్తకం.

"ఆరాధన ఎన్ని గంటలకు?" అంది, తొమ్మిదేళ్ళ తర్వాత నాతో మొదటి మాటగా.

తొమ్మిదిన్నరకు అన్నాను.

"ఎవురి గడియారంలో?"

బండి మీద చోటు ఇద్దరికే. ఆమె తమ్ముడి వెనక కూర్చుంది. మేనల్లుడు రాలేదు, అంగడి తెరిచే ఉంది. నేను సంచీ పట్టుకుని నడిచాను. చర్చి చేరేసరికి రెండు పాటలు అయిపోయాయి, వదిన ముందు బెంచీలో ఉంది. ఏ గడియారంలో చూసినా నేను ఆలస్యమే. వెనక బల్ల దగ్గరున్న కొత్త క్లర్కు తలెత్తి నన్ను చూసి, తన గడియారం చూసి, ఏదో రాసుకుంది.