రెబ్కా టీచరు ఇచ్చిన తొలి పెట్టుబడి

ప్రత్తిపాడు మిషను బడిలో రెబ్కా టీచరు రెండో తరగతికి ఎక్కాలు చెబుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినిపించేది. ఎనభై నాలుగులో ఆమె భర్త జక్రయ్య మంచాన పడ్డాక ఆ గొంతు తగ్గిపోయింది.

జక్రయ్య పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మూత్రంలో రక్తం పడుతుంటే, "ఎండలో తిరుగుడు, వేడి చేసిందిలే" అని బార్లీ నీళ్ళు కాయించుకు తాగాడు. నొప్పి లేదు గనక ఎవరికీ భయం పుట్టలేదు. నడుం పక్కన గడ్డ చేతికి తగిలాక గానీ గుంటూరు వెళ్ళలేదు. ఆసుపత్రిలో కుడి మూత్రపిండం తీసేశారు. అప్పటికే క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకింది.

అక్కడ శేషాచలం అని ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. ఆపరేషనుకు ముందు మంచం దగ్గరికొచ్చి, తీసేసే గడ్డలోంచి చిన్న ముక్క తనకివ్వమని అడిగాడు.

"నాకే పనికిరాంది, మీరేం చేసుకుంటారండీ?" అన్నాడు జక్రయ్య.

"గాజు పళ్ళెంలో దాన్ని బతికించి, మందులు వేసి చూస్తాను. ఏ మందుకి చస్తుందో తెలిస్తే అదే మనిషికి ఇవ్వొచ్చు. ఇప్పుడైతే రోగి ఒంటిమీదే వేసి చూడాల్సి వస్తోంది."

జక్రయ్య సరేనన్నాడు. కానీ ఆ ముక్క తెల్లారేసరికి పాడైపోయింది. దాన్ని వెచ్చగా ఉంచే పెట్టె ఆసుపత్రిలో లేదు. క్రిస్మసు రాకముందే జక్రయ్య కూడా పోయాడు.

భర్త తరఫున మిల్లు నుంచి రావలసిన డబ్బుకి వాళ్ళడిగిన మరణ సర్టిఫికెట్టు కోసం రెబ్కా మళ్ళీ గుంటూరు వెళ్ళింది. శేషాచలం ఆమెను గుర్తుపట్టి కూర్చోబెట్టాడు. ఆ పరీక్షల సంగతేమైందని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఢిల్లీలో పరిశోధనలకు డబ్బిచ్చేవాళ్ళకి రాశానండీ. ముందు ఏదన్నా ఫలితం చూపించు, అప్పుడు డబ్బిస్తామన్నారు. డబ్బు లేందే ఆ మొదటి ఫలితం ఎక్కణ్ణుంచి తేను?"

బస్సులో వస్తున్నంతసేపూ ఆమెకు ఆ మాటే మనసులో మెదిలింది. మిల్లు డబ్బు చేతికి రాగానే ఆ పరీక్షల కోసం ఆసుపత్రికి ఇస్తానని ఇంట్లో చెప్పింది. బావగారు క్రీస్తుదాసు మండిపడ్డాడు.

"మతి ఉండే మాట్లాడుతున్నావా అమ్మాయ్? వాడికి సమాధి కట్టించకుండా ఎవడో డాక్టరుకి పోస్తావా?"

"ఏ మందు వెయ్యాలో ఎవరికీ తెలీక పోయాడు బావగారూ. నాకు అదే కళ్ళముందు ఆడతా ఉంది."

"రేపు నువ్వు మంచాన పడితే ఆ గాజు పళ్ళేలొచ్చి చూస్తాయా?"

అయినా ఆమె మాట మార్చుకోలేదు. ఆ రోజు నుంచి క్రీస్తుదాసు ఆ గడప తొక్కలేదు.

శేషాచలం కూడా వెంటనే ఒప్పుకోలేదు. "ఏమీ తేలకపోవచ్చు టీచరు గారూ. పోయినట్టే అనుకుని ఇవ్వాలి."

"తేలదని ఎవరన్నా చూశారా అండీ?"

"ఇక్కడ ఎవరూ చూడలేదు."

"మరి చూడండి."

ఆమె డబ్బుతో మద్రాసు నుంచి వెచ్చగా ఉంచే పెట్టె వచ్చింది. మొదటిసారి పళ్ళేలకు బూజు పట్టింది. తర్వాత ఎండాకాలంలో కరెంటు పోయి అన్నీ చచ్చాయి. మరుసటేడు ఖాజావలి అనే లారీ డ్రైవరు మూత్రపిండం గడ్డలోంచి తీసిన కణాలు మాత్రం బతికాయి. ఒక మందుకి వాటిలో సగం చచ్చాయని శేషాచలం చెప్పినప్పుడు రెబ్కా అక్కడే బల్లమీద కూలబడి ఏడ్చేసింది. భర్త పోయాక ఆమె సంతోషపడింది ఆ ఒక్కరోజే.

పెద్ద డాక్టర్లతో మాట్లాడి ఖాజావలికి ఆ మందు మొదలుపెట్టారు. పెట్టె ఎవరి డబ్బుతో వచ్చిందో తెలిసి అతను ఆమెను చూడాలన్నాడు. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక రెబ్కా క్యారేజీలో మెత్తగా అన్నం, చారు తీసుకెళ్ళింది. ఆ మందుకి అతని జుట్టు ఊడిపోయింది. నోటినిండా పుళ్ళు. ఒక్క ముద్ద మింగలేకపోయాడు.

"టీచరమ్మా, ఈ మందు పనిచేస్తదంటారా?"

"పళ్ళెంలో చేసిందంట నాయనా," అంది. మిగిలిన అన్నం క్యారేజీలో సర్దింది.

ఎక్సరేలో ఊపిరితిత్తుల మీద మచ్చలు పెరుగుతూనే వచ్చాయి. వానలు పడేనాటికి ఖాజావలి పోయాడు. తన డబ్బే లేకపోతే ఆ పుళ్ళ బాధైనా లేకుండా పోయేవాడని రెబ్కా కుమిలిపోయింది. శేషాచలం ఫలితాలన్నీ ఢిల్లీకి పంపాడు. అవి చాలవని, డబ్బివ్వలేమన్నారు.

"పనిచెయ్యలేదని కూడా రాశారా?" అని ఆమె అడిగింది.

"రాశానండీ. పళ్ళెంలో చచ్చినవి ఒంట్లో చావలేదని, ఆయనకొచ్చిన పుళ్ళతో సహా రాశాను. ఒక చిన్న వైద్య పత్రికవాళ్ళు వేస్తామన్నారు."

మంగళగిరిలో ఖాజావలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది రెబ్కా. అతని భార్య ఖుర్షిదా తలుపు తీసి చాప పరిచింది. తిడుతుందనే అనుకుని వచ్చింది రెబ్కా. తిడితే బాగుండుననీ అనుకుంది.

"కడదాకా ఆశ పెట్టుకున్నాడక్కా," అంది ఖుర్షిదా. "టీచరమ్మ పుణ్యమా అని నేను లేస్తాననేవోడు. అట్టా ఆశ పెట్టటం మంచిదో చెడ్డదో నాకు తెలవట్లేదు."

"నాకూ తెలీట్లేదమ్మా."

"ఇంకెవరికన్నా పనికొస్తదా?"

"ఈ దారిలో ఇది దొరకలేదని తెలుస్తుంది. తర్వాతవాళ్ళు ఇంకో దారిలో వెతుకుతారు."

ఖుర్షిదా తల ఊపింది. ఆ వెతికేవాళ్ళకు ఇక డబ్బు లేదన్న సంగతి రెబ్కా ఆమెకు చెప్పలేదు. ఆమె ఇచ్చిన టీ తాగి, చీకటి పడకముందే బస్సు అందుకోవాలని లేచింది.