బొడ్రాయి తీయని కిష్టమ్మ

అదే చెప్తున్నా, మీరు నవ్వినా సరే, కిష్టమ్మ ఆ రాయిని తీయనంటే తీయదు. రాయి ఎక్కడుందంటారా? ఆమె ఫోన్లో. పాత రాజుల కాలపు ఆటలో, ఆమె కట్టుకున్న ఊరి నడిమధ్య.

రాయదుర్గం మెట్రో పక్కన ఒక ఆఫీసు గేటు దగ్గర కార్డులు చూసి లోపలికి పంపే సెక్యూరిటీ పని ఆమెది. ఉండేది ఖాజాగూడలో, కిరాయి గదిలో. ఆ ఆట నేర్పింది పై అంతస్తులో పనిచేసే ఉదయ్ భాస్కర్. అమలాపురం మనిషి, నలుగురినీ కలుపుకునే రకం. ఆఫీసులో ఆడేవాళ్లందరినీ ఒక జట్టు చేసి, తనే పెద్దగా ఉన్నాడు. కిష్టమ్మా, హౌస్‌కీపింగ్ జ్యోతీ ఆ జట్టులోనే.

ఆటలో మొదట ఒక బావి, నాలుగు గుడిసెలు, జొన్న చేను ఇస్తారు. గాదె నిండితే బతకడానికి జనం వస్తారు. జనం పెరిగితే కొలిమి పెట్టుకోవచ్చు, సంత పెట్టుకోవచ్చు, గుడిసెలు పెంకుటిళ్లవుతాయి. పల్లె పెద్దూరవుతుంది, పెద్దూరు పట్టణం, పట్టణం కోట. కిష్టమ్మ చేతిలో ఊరు బాగానే పెరిగింది. పెద్దూరు దాకా వచ్చి ఆగింది. ఎందుకంటే పట్టణం చేశామా, ఊరి నడుమ ఉన్న చిన్న రాయిని ఆటే పీకేసి, అక్కడ మండపం లేపుతుంది.

ఆ రాయి అందరి ఊళ్లలోనూ ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. కిష్టమ్మ మాత్రం మొదటి రోజే దాన్ని బొడ్రాయి అనుకుంది, ఊరు కట్టేటప్పుడు నడుమ పాతి దేవతలా మొక్కే రాయి. వేలితో ఒకసారి తాకి కళ్లకద్దుకున్నాకే ఊళ్లో పని మొదలుపెట్టేది.

ఆమెకు బొడ్రాయి అంటే ఏమిటో చెప్పాలి మరి. భర్త వదిలేశాక నారాయణపేట దగ్గర పుట్టింటికి పోతే, అన్నలు గడప బయటే మాట్లాడి పంపేశారు. ఆ ఏడే ఊళ్లో కొత్త బొడ్రాయి నిలిపారు. ఆ పండగకు ఊరి ఆడబిడ్డలందరినీ పిలిచి తీరాలి, ఒక్కరిని విడిచినా ఊరికి మంచిది కాదంటారు. ఆ అన్నలే వచ్చి పిలిచారు. చీర పెట్టారు. రాయి మీద బిందెతో నీళ్లు పోయించారు. పండగయ్యాక ఎవరి దారి వారిదే అయింది, అది వేరే సంగతి. రాయి దగ్గర మాత్రం ఆమెను పొమ్మనే నోరు ఒక్కరికీ లేకపోయింది.

ఇంతలో ఆదివారం పోటీ వచ్చిపడింది. జట్టు పోటీకి దిగాలంటే అందరివీ పట్టణాలై ఉండాలి. ఒక్క కిష్టమ్మది తప్ప అన్నీ అయ్యాయి. ముందురోజు మధ్యాహ్నం క్యాంటీన్ బయట ఉదయ్ భాస్కర్ ఆమెను పట్టుకున్నాడు.

“కిష్టమ్మ గారూ, ఆ బటన్ ఒక్కసారి నొక్కేయండి. అందరం మీ కోసమే ఆగామండి.”

“రాయి పోతది గద సార్.”

“అది ఉత్త గుర్తండీ. ఊరు ఎక్కడి నుంచి మొదలైందో తెలియడానికి పెట్టారు, అంతే.”

“బొడ్రాయి గూడ గందుకే వెడ్తరు సార్.”

జ్యోతి టిఫిన్ డబ్బా మూత పెడుతూ పకపకా నవ్వింది. “ఏందక్కా, ఫోన్ల రాయికి కోడిని గూడ కోస్తవా?”

“కోస్త. కూర నీకే వెడ్త, తిను.”

ఉదయ్ భాస్కర్ నవ్వలేదు. “సాయంత్రంలోగా మార్చకపోతే మిమ్మల్ని జట్టులోంచి తీసేయాల్సి వస్తుందండి. ఆ తర్వాత మీ ఊరి మీదికి ఎవరొచ్చినా మేం అడ్డం రాలేం.”

“తీసెయ్యుండ్రి. పొమ్మంటే పోవుడు నాకు కొత్తనా? రాయినైతే నేను తియ్య.”

తీసేశాడు. సోమవారం పొద్దున చూసుకుంటే సగం ఊరు బూడిద. ఎవరో దండెత్తి గాదె దోచుకుపోయారు, కొలిమి కూల్చారు. రాయి అలాగే ఉంది. కిష్టమ్మ దాన్ని తాకి కళ్లకద్దుకుంది. ముందు బావి పూడిక తీయించింది, తర్వాత గుడిసెలు వేయించింది. మరునాడు ఆమె గాదెలోకి జ్యోతి ఊరి నుంచి జొన్నలు వచ్చి పడ్డాయి.

“సార్‌కు చెప్పకే అక్కా,” అంది జ్యోతి లిఫ్టు దగ్గర, మాపు గుడ్డ పిండుతూ. “ఇది కోడికూర బాకీ.”

జట్టులో ఉన్నప్పుడు ఆమె ఒప్పుకున్న పని ఒకటి మిగిలిపోయింది. ఉదయ్ భాస్కర్ కోట గోడకు రాళ్లు పంపడం. ఆమెను తీసేసేసరికి బండ్లు వాగు దాకా వెళ్లాయి. ముందుకు పంపాలా, వెనక్కి తిప్పాలా అని ఆట అడుగుతూనే ఉంది. మొన్న గేటు దగ్గర ఆయనే ఆగాడు.

“కిష్టమ్మ గారూ, ఆ బండ్లు కాస్త పంపించండి. గోడ సగంలో ఆగిపోయిందండి.”

“ముందుగాల కార్డు సూపెట్టుండ్రి సార్.”

చూపించాడు.

“ఇప్పుడైతే జర పనుంది సార్. సూస్త.”

పని నిజంగానే ఉంది, కొలిమి మళ్లీ లేపుతోంది. బండ్లు వాగు ఒడ్డునే ఉన్నాయి, ఎడ్లు తలలూపుతున్నాయి.